మునిరత్నం మామకు ఒంటిచేతి లైటరు

నా జన్మలో నేను తయారుచేసిన వస్తువు ఒక్కటే. అది జేబులో పెట్టుకునే లైటరు. ఒక్క చేత్తో వెలిగించుకోవడానికి వీలుగా నేనే ఆలోచించి, నేనే బొమ్మ గీసి, నేనే స్ప్రింగు బిగించిన లైటరు. అది పదిమంది ముందు పనిచేసింది ఒక్క ఉదయమే. ఆ ఒక్క ఉదయంలోనే ఒక ఇంటి శ్లాబు ఆగిపోవలసింది, మా మేనమామ పరువు గుడియాత్తం బస్టాండు దాకా పోవలసింది, నా పంచె సగం పోనే పోయింది. అది చాలదన్నట్టు నేను కాసేపు దేవుణ్ణి కూడా అయ్యాను. ఈ చివరి మాట మీరు నమ్మకపోయినా పరవాలేదు. నమ్మినవాళ్ళు గుడియాత్తంలో ఇప్పటికీ ఉన్నారు. నేను ఎదురుపడితే చెప్పులు విడిచి నిలబడతారు.

అప్పట్లో నేను వేలూరులో ఒక దినపత్రికలో సబ్ ఎడిటరుని. జిల్లాలో జరిగిన ప్రమాదాలన్నిటినీ నాలుగేసి వాక్యాలకు కుదించడం నా పని. ఆ పని చేసేవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఏ వస్తువును చూసినా అది రేపటి పేపర్లో ఎన్ని వాక్యాలవుతుందో కనిపిస్తూ ఉంటుంది. ప్రెషర్ కుక్కరు మూడు వాక్యాలు. తడి గోడ మీద స్విచ్చి రెండు. బస్సు ఫుట్‌బోర్డు మీద కుర్రాడు ఒక వాక్యం, పక్కన ఫోటో. ఇలా లోకంలో అన్నిటికీ భయపడేవాణ్ణి, నా తెలివికి తప్ప.

మునిరత్నం మామ గుడియాత్తంలో ఇళ్ళు కట్టే మేస్త్రి. మా అమ్మకు తమ్ముడు. తాత కాలం నుంచీ మాది కట్టుబడి పనులు చేసే కుటుంబమే. నేనొక్కణ్ణే ఇటుకలు మోయలేక వాక్యాలు మోసే పనికి పోయాను. ఆ ముందటేడు మామ పరంజా మీంచి పడ్డాడు. ఎముకలు అతుక్కున్నాయి గాని ఎడమ చేతిలో పట్టు పోయింది. వేళ్ళు కదులుతాయి, ఏదైనా పెడితే నిలవదు, జారిపోతుంది. అయినా కుడిచేత్తోనే తాపీ పట్టాడు, కుడిచేత్తోనే రసమట్టం చూశాడు. గోడలు ఎప్పటిలాగే నిటారుగా లేచాయి. పనిలో ఎవరూ వంక పెట్టలేదు. వంక గుమ్మడికాయ దగ్గర వచ్చింది.

మా వైపు శ్లాబు పోసే ఉదయం, మొదటి తట్ట కాంక్రీటు పడకముందు, పెద్ద మేస్త్రి బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగిస్తాడు. దాన్ని అరచేతిలో నిలబెట్టుకుని కాంక్రీటు మిక్సరు చుట్టూ మూడు సార్లు తిరిగి, దిష్టి తీసి, నేలకేసి కొడతాడు. వెలిగించినవాడే తిప్పాలి. తిప్పేలోపల కర్పూరం ఆరిపోతే ఆ రోజుకు పని లేదు, అందరూ ఇంటికి పోవడమే.

మామ పడి లేచాక ఒప్పుకున్న మొదటి ఇల్లు గోవిందప్ప గారిది. ఆయన కైలీల, అంటే లుంగీల, వ్యాపారి, మన తెలుగువాళ్ళే. శకునాల పిచ్చి ఎంతంటే, పిల్లి ఎదురొచ్చిందని ఊరు దాటిన సరుకు లారీని వెనక్కి పిలిపించిన మనిషి. ఆయన ఎవరితోనో అన్న మాట తిరిగి తిరిగి మామ చెవిన పడింది. ఒంటిచేతి మేస్త్రి కర్పూరం వెలిగించి నిలబెట్టగలడా లేదా చూస్తాను, నిలబడకపోతే పైఅంతస్తుకు వేరే మనిషిని చూసుకుంటాను అని. గోవిందప్ప వద్దన్న మేస్త్రిని గుడియాత్తంలో ఇంకెవరూ పిలవరు. మామకు ఆ సంగతి తెలుసు. నిద్ర పట్టక మీసం కొరుక్కుంటున్నాడని అత్త ఫోన్లో చెప్పింది.

వారం సెలవు రోజున నేను వెళ్ళేసరికి మామ వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కుడికాలి వేళ్ళ మధ్య అగ్గిపెట్టె, కుడిచేతిలో పుల్ల.

"ఏం చేస్తా ఉండావు మామా?"

"కనపళ్ళేదా? కాలు పట్టుకుంటాది, చెయ్యి గీస్తాది."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న కుప్పమ్మత్త తలెత్తకుండానే అంది. "గుమ్మడికాయ ముందర కాలు చాపుకోని కూర్చుంటే గోవిందప్ప మొదలాళి దండం పెట్టేది కర్పూరానికా, నీ కాలికా?"

అగ్గిపెట్టెను చంకలో ఇరికించుకోవడం అంతకుముందు రోజే అయిపోయిందట. బనీను కాలింది. పళ్ళ మధ్య పెట్టుకుంటే మీసం ఒక పక్క పోయింది. రెండో పక్క ఆయనే గీసుకున్నాడు, జత కోసం. మూలమీది పెట్టెకొట్టులో ప్లాస్టిక్ లైటరు కూడా కొన్నాడు. అది ఒక్క చేత్తోనే వెలుగుతుంది కదా అని మీరు అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కాని సిమెంటుకు బండబారిన ఆ బొటనవేలి కింద దాని చిన్న చక్రం జర్రున జారిపోతుంది. ఎలాగో వెలిగినా, కర్పూరం మీదికి వంచితే మంట పైకి తిరిగి వేలినే కాలుస్తుంది. వేలు తీస్తే ఆరిపోతుంది. ఇంతా చేసి ఆ ఇల్లు కట్టేది ఊరి చివర, చెట్టూ చేమా లేని మైదానంలో. అక్కడ గాలికి తలపాగాలే నిలవవు.

అత్త చేట పక్కన పెట్టింది. "నేను తీపెట్టి పట్టుకుంటా. నువ్వు పుల్ల గియ్యి. ఇంత యాతన ఎందుకు?"

ఆమె అలా అనడంలో వింత లేదు. గుడియాత్తం అగ్గిపెట్టెల ఊరు. పెళ్ళికి ముందు నుంచీ ఆమె అగ్గిపెట్టెల్లో పుల్లలు పేర్చిన మనిషి. ఆమె చేతిలో పెట్టె ఉంటే గోడకు మేకు కొట్టినట్టే.

మామకు రోషం వచ్చింది. "పెండ్లాం పట్టుకుంటేగాని నెరుప్పు అంటించలేడు అని ఊరంతా చెప్పుకోవల్లనా?"

సరిగ్గా అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. "మామా, ఒక్క చేత్తో వెలిగే లైటరు నేను చేసి తెస్తా. గాలికి ఆరదు, వేలు కాలదు" అన్నాను. మామ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు వార్డులోకి వస్తే రోగులు అలా చూస్తారు.

అత్త మాత్రం, పుల్లలు పేర్చిన ఇంట్లోకి లైటరు తెస్తావా నాయనా అని మళ్ళీ చేట అందుకుంది.

వేలూరు కోట దగ్గర పాత సామాను అమ్మేచోట ఒక ఇత్తడి పెట్రోలు లైటరు దొరికింది. లోపల దూది, దూదిలోంచి వత్తి, వత్తి చుట్టూ గాలి తగలకుండా చిల్లుల రేకు, పైన మూత. ఇలాంటి దాంట్లో ఒక గొప్ప గుణం ఉంది. ఒకసారి అంటుకుంటే మూత మూసేదాకా మండుతూనే ఉంటుంది, వేలు నొక్కి పట్టనక్కర్లేదు. మామకు కావలసింది అదే. ఇక మూత తెరవడం, చక్రం తిప్పడం అనే రెండు పనులు ఒక్క పిడికిలి బిగింపుతో అయిపోవాలి. పక్కన ఒక మీట పెట్టాను. మీటకూ మూతకూ మధ్య, పాడైపోయిన గోడగడియారంలోంచి తీసిన స్ప్రింగు బిగించాను. పిడికిలి బిగిస్తే మూత టప్పున లేస్తుంది, చక్రం గిర్రున తిరుగుతుంది, వత్తి భగ్గుమంటుంది. మొదటిసారి వెలిగినప్పుడు నా గదిలో నేనొక్కణ్ణే లేచి నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. అప్పుడు చెయ్యి కాస్త కాలింది, ఎందుకంటే లైటరు ఇంకా చేతిలోనే ఉంది.

ఒక చిన్న సంగతి ఉంది. గడియారం స్ప్రింగు కాస్త బలమైనది. మూత లేవడం సులువే. దాన్ని తిరిగి మూయాలంటే ఒక చేత్తో లైటరు ఒంటిని పట్టుకుని, రెండో చేత్తో మూతను బలంగా అదమాలి. ఊదితే ఆరదు. ఆరకూడదనే కదా ఇంత కష్టపడింది. అంటే ఒంటిచేతి లైటరును ఆర్పడానికి రెండు చేతులు కావాలి.

దీన్ని మీరు లోపం అంటారు. నాకలా తోచలేదు. వెలిగించేది మామ, పక్కనే నిలబడి అందుకుని ఆర్పేది నేను, నాకు రెండు చేతులు ఉన్నాయి. ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు ఏముంటుంది అనుకున్నాను.

దాన్ని గుడియాత్తం చేర్చడం మరో అవస్థ. పేరుకు జేబు లైటరే గాని జేబులో పెట్టుకోలేను. బస్సులో పక్కవాడు తొడతో నొక్కితే చాలు, మీట పడి జేబులోనే అంటుకుంటుంది. అందుకని తడి చేతిరుమాల్లో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాట్పాడిలో కాలేజీ పిల్లలు ఎక్కి బస్సు కిక్కిరిసింది. ప్రతి కుదుపుకూ నా మనసులో ఒక వార్త తయారవుతోంది. పక్క సీటాయన కాసేపు ముక్కు ఎగరేసి, ఏం సార్ డబ్బాలో అని అరవంలో అడిగాడు. పులిహోర అన్నాను. పెట్రోలు వాసన వస్తోందే అన్నాడు. నూనె కాస్త పాతది అన్నాను. ఆయన నా డబ్బాను, నా ముఖాన్ని మార్చి మార్చి చూసి, తన ఊరు రాకముందే లేచి వెళ్ళి డ్రైవరు పక్కన నిలబడ్డాడు.

ఇంటి పెరట్లో పరీక్ష జరిగింది. మామ పిడికిలి బిగించాడు. టప్, గిర్ర్, భగ్గు. ఆయన ముఖంలో కూడా ఏదో వెలిగింది.

"సెమగా ఉండాది అల్లుడా. యాడ నేర్చుకుంటివిరా ఇదంతా?"

అంటూనే ఒక పని చేశాడు. మణికట్టు రెండు సార్లు గాలిలో ఊపాడు, చెయ్యి వెనక్కి పోయింది, విసరబోయాడు.

"మామా, అది పుల్ల కాదు" అని పట్టుకున్నాను.

"ఓ, అవును గదా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. పెరటి గడప మీద కూర్చున్న అత్త నవ్వలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా మామ బుద్ధిగా వెలిగించి నా చేతికిచ్చాడు. పరీక్ష నెగ్గింది అని నేను తీర్మానించాను.

అయ్యా, నేను పిడికిలిని చూశాను, బొటనవేలిని చూశాను, గాలిని చూశాను. చూడవలసింది ఆ రెండు ఊపుల్ని. అగ్గిపెట్టెల ఊళ్ళో పుట్టిన చెయ్యి అగ్గి అంటించాక రెండు సార్లు ఊపి విసిరేస్తుంది. అది మనిషి చేసే పని కాదు, చెయ్యి తనంతట తాను చేసే పని. మనిషి జాగ్రత్తగా ఉన్నంతసేపూ చెయ్యి మాట వింటుంది. మనిషి మనసు దేవుడి మీదికి పోతే చెయ్యి తన దారిన తను పోతుంది.

శ్లాబు రోజు వచ్చింది. తెల్లారి ఎండ ఇంకా ఎక్కలేదు. మిక్సరు పక్కన ఇసుక కుప్ప, దాని పక్కన శ్లాబు మీద తర్వాత తడిపి పరచడానికి తెచ్చిన ఎండు గోనె సంచుల కుప్ప, దాన్ని ఆనుకుని మిక్సరుకు పోసే డీజిలు క్యాను. నీళ్ళ డ్రమ్ములు మిక్సరుకు అవతలి వైపు. తట్టలు పట్టుకుని ఆడా మగా కూలీలు వరసగా నిలబడ్డారు. పూజ కాబట్టి అందరం చెప్పులు విడిచాం. గోవిందప్ప గారు భుజాన తువ్వాలుతో, చేతులు కట్టుకుని మామ పిడికిలినే చూస్తున్నారు. ఆయన తల్లి పెద్దవ్వ వేపాకులు వేసిన పసుపునీళ్ళ బిందె ముందు పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. గాలి వీస్తూనే ఉంది.

ఇటుకల మీద గుమ్మడికాయ, దాని మీద కర్పూరం. మామ కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నాడు. పిడికిలి బిగించాడు. టప్, గిర్ర్, భగ్గు. గాలికి మంట వంగింది గాని ఆరలేదు. కర్పూరం అంటుకుంది. కూలీల్లోంచి ఒక నిట్టూర్పు వినిపించింది. గోవిందప్ప గారి చేతులు విడివడి నమస్కారమయ్యాయి. నేను లైటరు అందుకోవడానికి రెండు చేతులూ చాచాను.

మామ చెయ్యి రెండు సార్లు ఊగింది. విసిరేసింది.

లైటరు నా తల మీదుగా, ఇత్తడి మెరుస్తూ, మండుతూ వెళ్ళి గోనె సంచుల కుప్పలో పడింది. మామకు ఆ సంగతి తెలియదు. ఖాళీ అయిన అరచేతిని గుమ్మడికాయ కిందికి పోనిచ్చి, పైకెత్తి, నడవడం మొదలుపెట్టాడు. గోవిందప్ప గారు ఆయన వెనక, మిగతావాళ్ళ చూపులు కర్పూరం మీద. సంచుల వైపు చూసింది నేనొక్కణ్ణే. సన్నటి పొగ లేచింది.

కేకపెట్టకూడదు. దిష్టి తీస్తుండగా నిప్పు, నెరుప్పు అని ఎవరైనా అరిస్తే గోవిందప్ప శ్లాబునే కాదు, ఇంటినే ఆపేస్తాడు. డ్రమ్ముల దగ్గరికి పోవాలంటే మామకు అడ్డం పోవాలి, దిష్టికి అడ్డం పోవడం అంతకన్నా ఘోరం. పక్కన డీజిలు. నాలుగు వాక్యాల వార్త కాదు ఇది, మొదటి పేజీ. ముందు క్యానును ఈడ్చి ఇసుక కుప్ప వెనక్కి నెట్టాను. ఆ రోజు నేను తెలివిగా చేసిన పని అదొక్కటే. తర్వాత వట్టి కాళ్ళతో సంచులు తొక్కడం మొదలుపెట్టాను.

గోనె పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల నిప్పు పాకుతుంది. ఇక్కడ తొక్కితే అక్కడ లేస్తుంది. నేనూ అక్కడికి ఎగిరాను. ఇంకో పక్క లేస్తే అటు ఎగిరాను. అరవకుండా ఉండడానికి కింది పెదవి పళ్ళతో కరిచి పట్టుకున్నాను. పంచె అంచు అంటుకుంది. దాన్ని దులుపుకోవడానికి చేతులు విదిలిస్తూ గిరగిరా తిరిగాను. ఒక్కసారి బయటినుంచి చూడండి. మిక్సరు చుట్టూ హారతి తిరుగుతోంది. ఇసుక కుప్ప పక్కన ఒక మనిషి పొగల మధ్య, వట్టి కాళ్ళతో నిప్పు తొక్కుతూ, పెదవి కరుచుకుని, కళ్ళు తేలేసి, చేతులాడిస్తూ గంతులేస్తున్నాడు.

తట్టలు పట్టుకున్న వరసలోంచి ఒక ఆడమనిషి గొంతు మెల్లగా అంది. "సామి వచ్చినాడు."

ఆ తర్వాత ఏదీ నా చేతుల్లో లేదు. ఆడవాళ్ళు నాలుకలు ఆడించి కులవ పెట్టారు. ఎవరో తట్ట బోర్లించి వాయించడం మొదలుపెట్టారు. వాయిద్యం ఊపందుకుంది. నా కాళ్ళ కింద నిప్పూ ఊపందుకుంది. రెండూ సరిగ్గా తాళంలో కలిశాయని తర్వాత చెప్పుకున్నారు. పెద్దవ్వ బిందె ఎత్తుకుని నా దగ్గరికి నడిచివచ్చింది. ఆ వయసులో ఆమె అంత వేగంగా నడవడం అంతకుముందు ఎవరూ చూడలేదట.

"ఎవురు సామీ వచ్చింది? ఏం గావల్ల నీకు?"

దేవుడికి ఏం కావాలో నాకు తెలియదు. నాకేం కావాలో బాగా తెలుసు. "నీళ్ళు" అన్నాను.

బిందె నా నెత్తిన కుమ్మరించింది. వేపాకులు చెవుల మీద నిలిచాయి. కింద పంచె మండుతూనే ఉంది.

"తల మీద కాదవ్వా. కాళ్ళ మీద. కాళ్ళ మీద పొయ్యండి."

"పాదపూజ అడగతా ఉండాడు సామి" అని పెద్దవ్వ అందరికీ చాటింది.

ఇక చూడండి. సామి కోసం కాబట్టి దిష్టికి అడ్డం పోయినా ఎవరికీ తప్పనిపించలేదు, డ్రమ్ముల దగ్గర్నుంచి బకెట్ల మీద బకెట్లు వచ్చాయి. నేను ఏ సంచి మీదికి ఎగిరితే అక్కడ పాదపూజ జరిగింది. పంచెకు జరిగింది. కుప్ప మొత్తం తడిసి ముద్దయింది. పొగ ఆవిరైంది. సరిగ్గా అప్పుడే నా వెనక ధడేల్ మని చప్పుడు. మామ మూడో చుట్టు ముగించి, వెలుగుతున్న కర్పూరంతోనే గుమ్మడికాయను నేలకేసి కొట్టాడు. ఆరలేదు. ఒంటిచెయ్యి నిలబెట్టింది. ఇంత రభసలోనూ ఆ మనిషి ఒక్క అడుగు తప్పలేదు.

గోవిందప్ప గారు పరుగున వచ్చి నా ముందు తడి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. తువ్వాలు నడుముకు చుట్టుకున్నారు. "సామీ, తప్పు తలచినా. ఇల్లు ముగిసేదాకా ఈ మేస్త్రినే పెట్టుకోనా?"

ఏం చెప్పాలా అని ఒక అడుగు వెనక్కి వేశాను. తడి గోనె కింద, మూత తెరుచుకుని, ఇంకా కణకణలాడుతున్న ఇత్తడి లైటరు నా మడమకు తగిలింది. నా నోట్లోంచి వచ్చిన శబ్దం మాట కాదు, బాధ. ఆయన దాన్ని సమ్మతిగా తీసుకున్నారు. మళ్ళీ కులవ.

దండాలు పెట్టేవాళ్ళ వరసలో మామ కూడా వచ్చాడు. తన ఖాళీ చేతిని ఒకసారి, నా సగం పంచెను ఒకసారి చూశాడు. ఆయన ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది. దండం పెట్టే నెపంతో వంగి, పెదవులు కదపకుండా అడిగాడు.

"అల్లుడా, లైటరు యాడ?"

"నా కాలి కింద."

"తొక్కుకోనే నిలబడు."

నిలబడ్డాను. మొదటి తట్ట కాంక్రీటు పడేదాకా, పెద్దవ్వ మనవరాళ్ళందరికీ నా చేత విభూతి పెట్టించేదాకా, ఒంటికాలి మీద బరువు వేసుకుని నిలబడ్డాను. దేవుడు కాబట్టి కుంటుతున్నాడని ఎవరూ అనుకోలేదు.

ఇంటికి వచ్చాక అత్త నా కాళ్ళకు కలబంద గుజ్జు రాసింది. ఆమె చూపు లైటరు కన్నా ఎక్కువ కాల్చింది.

కథ ఇక్కడ ముగిసి ఉంటే బాగుండేది. కొన్ని నెలల తర్వాత మామ ఫోను చేశాడు. పైఅంతస్తు శ్లాబు సిద్ధమైంది, గోవిందప్ప గారు ఒకటే షరతు పెట్టారు. పోయిన తడవ వచ్చిన సామి ఈ తడవ కూడా రావాలి. రాకపోతే కాంక్రీటు లేదు.

నాకు ఆ రోజు డెస్కు డ్యూటీ ఉందన్నాను. సెలవు దొరకదన్నాను. జ్వరం వచ్చేటట్టు ఉందన్నాను.

"నీ లైటరు తెచ్చిన సామి అల్లుడా" అన్నాడు మామ. "నువ్వే వచ్చి సాగనంపు."

"సరే, నెరుప్పు ఎట్ల పెడతావు ఈ తడవ?"

"పెండ్లాం పట్టుకుంటే ఊరు నవ్వుతాది అనుకుంటి. నీ గంతులు చూసినాక దానికన్నా పెద్ద నవ్వు లేదని తెలిసిపోయ" అని పెట్టేశాడు.

వెళ్ళాను. ఈసారి బస్సులో డబ్బా లేదు, కాని భయం రెండింతలు. అప్పుడు కాళ్ళ కింద నిప్పు ఉంది కాబట్టి దేవుడు తనంతట తానే వచ్చాడు. ఇప్పుడు చల్లటి నేల మీద, అందరూ చూస్తుండగా ఎలా రావాలి? గెంతితే అది పచ్చి మోసం. ప్రమాదాలకు వాక్యాలు రాసేవాణ్ణి గాని అబద్ధాలకు గంతులు వేసేవాణ్ణి కాదు. గెంతకపోతే మామ పని ఆగిపోతుంది. కాట్పాడి నుంచి గుడియాత్తం దాకా ఈ రెండింటి మధ్యే ఊగాను.

అదే మైదానం, అదే గాలి. పెద్దవ్వ ఈసారి రెండు బిందెలతో వచ్చింది. నాకు ప్రత్యేకంగా ఒక పీట వేశారు, దాని మీద పసుపు రాశారు. గోవిందప్ప గారు కర్పూరాన్ని కాక నన్నే చూస్తున్నారు. నా మోకాళ్ళు వణుకుతుంటే, వస్తా ఉండాడు, వస్తా ఉండాడు అని వెనక ఎవరో గుసగుసలాడారు.

కూలీల వరసలోంచి కుప్పమ్మత్త ముందుకు వచ్చింది. కొంగు బిగించి, మామ పక్కన నిలబడి, అగ్గిపెట్టె చాపింది. ఒక చేత్తో పెట్టె. రెండో అరచెయ్యి గాలికి అడ్డం. మామ ఆమె వైపు చూడలేదు. పుల్ల తీశాడు, గీశాడు. మొదటి గీతకే అంటుకుంది. వంగి కర్పూరం ముట్టించాడు. చెయ్యి రెండు సార్లు ఊగింది, విసిరేసింది. పుల్ల గాలిలోనే ఆరిపోయి ఇసుకలో పడింది. ఆ చేతికి తెలిసిన పని అది, అది చక్కగా చేసింది.

మూడు చుట్లు తిరిగాడు. గుమ్మడికాయ పగిలింది. అందరూ నా వైపు తిరిగారు.

నేను పీట మీద నిలబడి ఉన్నాను. తట్ట వాయించేవాడు వాయిస్తున్నాడు. కులవ వినిపిస్తోంది. దేవుడు రాలేదు. చెమట వచ్చింది, దేవుడు రాలేదు. తట్ట మోత మెల్లమెల్లగా ఆగిపోయింది. గోవిందప్ప గారి ముఖం మబ్బు పట్టింది. "ఏం మేస్త్రీ, సామికి కోపమా?" అన్నారు. శ్లాబు ఆగిపోయేటట్టే ఉంది.

అగ్గిపెట్టెను కొంగున ముడి వేసుకుంటూ అత్త చెప్పింది.

"కోపం యాడిది మొదలాళీ? పోయిన తడవ మేస్త్రికి ఒక చెయ్యి తక్కవ ఉండె, సాయానికని వచ్చినాడు. ఇప్పుడు మా ఇద్దరికీ కలిపి మూడు చేతులుండాయి. ఇంక సామికి పనేముండాది?"

గోవిందప్ప గారు తల్లి వైపు చూశారు. పెద్దవ్వ ఆలోచించింది. లోకంలో దీనికి ఎదురు చెప్పగల న్యాయం ఏదీ ఆమెకు దొరికినట్టు లేదు. "అదీ సరే" అంది. తెచ్చిన నీళ్ళు వృథా ఎందుకని రెండు బిందెలూ నా కాళ్ళ మీద కుమ్మరించి, ఇంక దిగు నాయనా అంది. మిక్సరు మొదలైంది.

కాబట్టి, పాఠక మహాశయులారా, నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ లైటరుకూ, ఏ గొడుగుకూ, ఏ డబ్బా మూతకూ స్ప్రింగు బిగించను. ఒంటిచేత్తో వాడుకునే వస్తువు చేసిపెట్టమని ఎవరు వచ్చి అడిగినా, పెన్సిలు ముట్టుకోకముందు, మీ ఇంట్లో మొత్తం ఎన్ని చేతులున్నాయి అని అడుగుతాను. ఈ మాట తప్పనని నా కుడి మడమ మీద, సరిగ్గా లైటరు మూత ఆకారంలో ఇప్పటికీ చెరగనంటున్న మచ్చ సాక్షిగా చెబుతున్నాను.